మంగతాయారు గారి సంతృప్తి

తలుపుతట్టు సంస్థ వారి దగ్గర కొన్న వస్తువును ఎవరైనా, ఎప్పుడైనా వెనక్కి ఇచ్చేయవచ్చు. "ఎందుకని అడగం" అన్నది వారి నినాదం. వ్యానుల మీద, అట్టపెట్టెల మీద, సరుకు తెచ్చే కుర్రాళ్ల వీపుల మీద అదే రాసి ఉంటుంది. మాట మీద నిలబడే సంస్థ అది. వారు నిజంగానే ఎందుకని అడగరు. ఒక కారణాన్ని మాత్రం ఎంచుకోమంటారు. ఆ కారణాలు కూడా కొన్నవాళ్లు ఆలోచించుకునే శ్రమ లేకుండా ముందే రాసి పెట్టి ఉంటాయి.

మా ఆవిడ సత్యవేణి బొంతలు కుట్టేది. పాత నూలు చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, పైనా కిందా కొత్త గుడ్డ వేసి, ఈ అంచు నుంచి ఆ అంచుకు చేత్తో సన్నగా కుట్టుకుంటూ పోయేది. పాలకొల్లులో మా వీధివాళ్లకే ఇస్తూ ఉండేది. ఒక వేసవిలో మా మరదలు రమణకుమారి వచ్చి, ఫోనులో ఏవేవో నొక్కి, అక్కను తలుపుతట్టులో విక్రేతను చేసింది. దుకాణం పేరు 'సత్యవేణి బొంతలు'. పేరు పక్కన ఆవిడ ఫోటో. కొనబోయేవాళ్లు ప్రశ్నలు రాస్తే ఆవిడే జవాబులు రాసేది. "ఉతికితే రంగు పోతుందా?" అని ఎవరో అడిగారు. "పోవలసిన రంగు ఎప్పుడో పోయిందమ్మా, ఇంక పోదు" అని రాసింది. ఆ ప్రశ్నా, ఆ జవాబూ ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

వాపసులు అప్పుడప్పుడూ వచ్చేవి. ఒకాయన బొంత మీద పడుకుంటే నిద్ర పట్టలేదని పంపించాడు. ఒకావిడ తమ హాలు కర్టెన్లకు నప్పలేదని పంపించింది. హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన చలికాలం మొదట్లో కొని, శివరాత్రి వెళ్లాక 'అవసరం తీరినందున' అనే కారణం ఎంచుకుని పంపించాడు. ఆ కారణం కూడా జాబితాలో ఉంది. ఒకసారి పొట్లం విప్పితే బొంత లేదు, తడి తువ్వాలు ఉంది. సత్యవేణి ఫిర్యాదు చేసింది. వచ్చిన వస్తువు మెత్తగానే ఉన్నట్టు తమ తనిఖీలో తేలిందని సంస్థ జవాబు రాసింది. ఆవిడ తువ్వాలును ఉతికి, మడిచి, దాని సొంతదారు అడుగుతాడేమోనని చాలాకాలం ఉంచింది. ఎవరూ అడగలేదు.

కార్తీకంలో సత్యవేణి పోయింది.

దుకాణానికి ఆ సంగతి తెలియదు. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. మూసేద్దామని చూశాను. మూయాలంటే యజమాని స్వయంగా కెమెరా ముందుకు వచ్చి, చిరునవ్వు నవ్వి, కళ్లు ఆర్పాలని ఉంది. అది కుదిరే పని కాదు. కనుక బీరువాలో ఆవిడ కుట్టి ఉంచినవి ఒక్కొక్కటే తీసి, పాత పేపర్లలో చుట్టి, పంపిస్తూ వచ్చాను. బడిలో పాఠాలు చెప్పి వచ్చాక నాకూ ఏదో ఒక పని ఉండేది.

మాఘంలో రమణకుమారి చూడటానికి వచ్చింది. వచ్చిన కాసేపటికి బీరువా తెరిచి అడుగు అరలో చెయ్యి పెట్టి వెతికింది.

"బావగారూ, ఇక్కడ నీలంపూల గుడ్డేసిన బొంత ఉండాలండి. ఏదీ?"

"రావులపాలెం వెళ్లింది."

"అమ్మేసేరా?"

"ఆర్డరు వచ్చిందమ్మా."

ఆ అమ్మాయి బీరువా తలుపు మెల్లగా మూసి మంచం మీద కూర్చుంది. "అది అమ్మకానిది కాదండి. మంచాన పడ్డాక అక్క తన చీరలు వేసి కుట్టుకుంది. పైకి అన్నిటిలాగే ఉంటది గానీ లోపలన్నీ తనవే. మీకు చెప్పలేదా?"

"లేదు."

"కుట్టడం అయ్యాక చెబుతానంది మరి."

మా వైపు కర్మలు అయ్యాక పోయినవారి బట్టలు పంచేస్తారు. ఆ పని నేనే దగ్గరుండి చేయించాను. చాకలి నాగరత్నానికి కొన్ని, చుట్టాలకు కొన్ని, గుడి దగ్గర కొన్ని. పద్ధతిగా చేశాను. అందువల్ల ఆవిడ కట్టిన గుడ్డ అంటూ ఒక్కటీ మిగల్లేదు. ఆ బొంత తప్ప.

ఎవరైనా, ఏదైనా, ఎందుకైనా వెనక్కి పంపగలిగే సంస్థ కదా, ఒక బొంతను వెనక్కి రప్పించడం పెద్ద పని కాదనుకున్నాను. విక్రేత సహాయ కేంద్రానికి ఫోను చేశాను. హిమజ అనే అమ్మాయి పలికింది.

"నమస్కారం, విలువైన విక్రేత భాగస్వామి సత్యవేణి గారూ."

"నేను వాళ్ల ఆయనను. భీమేశ్వరరావును."

"నమస్కారం, విలువైన సత్యవేణి గారి ఆయన గారూ. చెప్పండి సార్."

చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విన్నది.

"సార్, వాపసు కోరే హక్కు కస్టమర్‌కి మాత్రమే ఉంటుందండి. మీ కస్టమర్ మంగతాయారు గారు అసంతృప్తి చెందితే వస్తువు మీకు వచ్చేస్తుంది."

"ఆవిడ చెందలేదమ్మా."

"ఇంతవరకూ చెందలేదా సార్?"

"ఐదు నక్షత్రాలు ఇచ్చారు."

"అయ్యో," అంది ఆ అమ్మాయి. మనస్ఫూర్తిగానే అంది.

"నేను ఆవిడతో మాట్లాడి అడగవచ్చునా?"

"వద్దు సార్. కస్టమర్ సంతృప్తిని విక్రేత ప్రభావితం చేయకూడదండి. నిబంధన. మేమే అడుగుతాం. సంతృప్తి పునఃపరిశీలన అని మాకో ప్రక్రియ ఉంది. దాని కింద మీ అభ్యర్థన పెడుతున్నాను సార్. ఈ సంభాషణలో మీకు లభించిన సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఐదూ ఇచ్చాను.

పునఃపరిశీలన సంభాషణను అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి నాకు పంపించారు. పారదర్శకత వారి రెండో నినాదం.

"అమ్మా, మీరు కొన్న బొంత పట్ల మీ అసంతృప్తి స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా?"

"అసంతృప్తేంటండి? బొంత శుభ్రంగా ఉంది."

"మూడింటిలో ఒకటి చెప్పాలమ్మా."

"మూడూ కాదండి."

"ఆ ఎంపిక మా దగ్గర లేదమ్మా."

"అయితే మీ దగ్గర లేదని రాసుకోండి. నా దగ్గర మాత్రం బొంత బాగుంది."

"కుట్టు లోపం గానీ, రంగు తేడా గానీ, వాసన గానీ, కొలత తక్కువ గానీ..."

"ఏవండీ, మీరు అమ్ముకున్నదాన్ని మీరే ఇన్ని మాటలంటన్నారేంటి? అది కుట్టినావిడ వింటే ఏమనుకుంటది?"

ఇక్కడ కస్టమర్ ఫోను పెట్టేసినట్టు రాసి ఉంది.

నేను ఆ కాగితాన్ని రెండోసారి చదివాను. మంగతాయారు గారు ఎవరో నాకు తెలియదు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. నా పని కావడానికి ఆ గౌరవం ఏ మాత్రం పనికిరాదని కూడా అర్థమైంది.

ఫోనులో అసంతృప్తి బయటపడనప్పుడు సంస్థ మనిషిని పంపుతుంది. ఆ ఉద్యోగం పేరు అసంతృప్తి నిర్ధారణ అధికారి. మా జిల్లాలకు ఆ అధికారి ధీరజ్ అనే యువకుడు. అతను రావులపాలెం వెళ్లి వచ్చి నివేదిక సమర్పించాడు. అందులోంచి కొంత భాగం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"కస్టమర్ అరటి గెలల వ్యాపారం చేయు మహిళ. ఆమె మాటల యందు గాని, ముఖకవళికల యందు గాని అసంతృప్తి ఛాయలు గోచరించలేదు. వస్తువును వెలుతురులో, నీడలో, ముట్టుకొని, వాసన చూసి పరీక్షించడమైనది. లోపములు లేవు. లోపములు లేకపోవుట విక్రేత దావాకు తీవ్ర ప్రతికూలాంశము. అసౌకర్యము ఏమైనా ఉన్నదేమో తెలుసుకొనుటకు అధికారి స్వయంగా వస్తువుపై పరుండడమైనది. పరీక్ష నిర్ణీత వ్యవధిని మించి కొనసాగినది. కస్టమర్ లేపగా అధికారి లేచి, టీ స్వీకరించి, నిష్క్రమించడమైనది."

ఈ నివేదిక చూసి సంస్థవారు కలవరపడ్డారు. అసంతృప్తి పడి వస్తువు దాచుకున్నవారిని వారు చూశారు. సంతృప్తి పడి వెనక్కి ఇచ్చినవారినీ చూశారు. కానీ విక్రేత అడుగుతున్నా, అధికారి వెళ్లినా, ఫోనులో నాలుగు రకాల లోపాలు అందించినా అసంతృప్తి పడని మనిషి వారికి కొత్త. విషయం పైకి వెళ్లింది. ఉన్నత వివాద పరిష్కార మండలి ఎదుట హాజరు కమ్మని నాకూ, మంగతాయారు గారికీ తాఖీదులు వచ్చాయి. ఎక్కడివాళ్లం అక్కడే ఉండి ఫోనులో కనబడితే చాలునన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో హాజరయ్యాను. హెడ్‌మాస్టరు గారు తన కుర్చీ ఇచ్చారు. తెర మీద మూడు చదరాలు ఉన్నాయి. ఒకదానిలో మండలి అధ్యక్షులు. ఆయన వెనక మంచుకొండలు కనిపిస్తున్నాయి. ఆయన కదిలినప్పుడు ఒక చెవి కొండల్లో కలిసిపోయేది. రెండో చదరంలో ధీరజ్. మూడోదానిలో అరటి గెలలు, వాటికి ఒక పక్కగా సగం ముఖం.

"అమ్మా, ఫోను కొంచెం ఎత్తండి," అన్నారు అధ్యక్షులు.

ఫోను ఎత్తారు. ముఖం మిగతా సగం కూడా కనబడింది. యాభై దాటిన మనిషి. కొప్పులో బంతిపువ్వు ఉంది. బేరం మధ్యలో పిలిచినట్టున్నారు, చేతిలో కత్తి కూడా ఉంది.

"మండలి ఎదుట ఆయుధం ఉంచరాదమ్మా."

"గెల కోసే కత్తండి. అయినా నన్నెందుకు పంచాయితీకి లాగేరు? వస్తువు బాలేదంటే డబ్బులిచ్చేత్తారు, బాగుందంటే కేసెడతారా?"

"ఇది కేసు కాదమ్మా. మీ సంతృప్తిని గూర్చిన సుహృద్భావ విచారణ. భీమేశ్వరరావు గారూ, కస్టమర్ సంతృప్తే మా పరమావధి. ఆ సంతృప్తిని భంగపరచమని కోరిన తొలి విక్రేత మీరు. మీ కారణాన్ని మండలి వినగోరుతోంది."

కారణం చెప్పాలంటే ఎలా చెప్పాలో ముందే అనుకుని వెళ్లాను. నాలుగు వాక్యాలు రాసుకుని కూడా వెళ్లాను. స్టాఫ్ రూములో అందరూ అన్నం డబ్బాలు తెరిచినవి తెరిచినట్టే పెట్టుకుని కూర్చున్నారు. ఒక వాక్యమే చెప్పాను.

"ఆ బొంత లోపల పోయిన మా ఆవిడ చీరలు ఉన్నాయండి."

కత్తి పక్కన పెట్టిన చప్పుడు వినబడింది. అధ్యక్షులు ముందుకు వంగారు. ఆయన చెవి కొండల్లోంచి బయటికి వచ్చింది.

"అంటే, వాడిన చీరలా?"

"బొంత అంటే అదేనండి."

"కానీ మీ జాబితాలో 'కొత్త వస్తువు' అని ఉంది."

"పాత వస్తువు అని రాసే వీలు మీరు ఇవ్వలేదండి. ప్రశ్నలకు జవాబుల్లో మా ఆవిడ దాచకుండానే రాసింది."

"జవాబులు మండలి పరిధిలోకి రావు," అన్నారు అధ్యక్షులు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎంతోసేపు కుదరని లెక్క కుదిరిన పిల్లవాడి ముఖంలా ఉంది. "ధీరజ్, కారణాల పట్టిక. 'వాడిన వస్తువును కొత్తదని అమ్ముట.' ఉందా?"

"ఉంది సార్."

"అభినందనలు భీమేశ్వరరావు గారూ. మీ సమస్య పరిష్కారమైంది. మంగతాయారు గారు ఆ కారణం మీద నొక్కిన మరుక్షణం బొంత మీ ఇంటికి బయలుదేరుతుంది. దుకాణం శాశ్వతంగా మూతపడుతుంది. సత్యవేణి గారి ఫోటో పక్కన 'కస్టమర్లను మోసగించిన విక్రేత' అనే ఎర్ర ముద్ర ప్రజా ప్రయోజనార్థం ఉంటుంది."

"మూసేశాక ఫోటో ఎందుకండి?"

"ముద్ర ఎవరికి పడిందో ప్రజలకు తెలియాలి గదండీ."

ఆ ఫోటో రమణకుమారి మా పెరట్లో తీసింది. బొంత ఒళ్లో పెట్టుకుని, సూది పట్టుకుని, తలెత్తి చూస్తూ ఉంటుంది.

"నేను నొక్కనండి," అంది అరటి గెలల పక్కనుంచి మంగతాయారు గారి గొంతు.

"అమ్మా, మిమ్మల్ని మోసగించారు."

"నన్నెవరు మోసగించేరండి? పాత చీరలని తెలిసే కొనుక్కున్నాను. పాతవి కాకపోతే కొనేదాన్నే కాదు. ఆవిడ మోసం చేసిందని నేను నొక్కడమేంటి? చచ్చినా నొక్కను."

"విక్రేత కోరుతున్నారు కదమ్మా."

"ఏవండీ మాస్టారూ, మీరు నొక్కమంటున్నారా?"

స్టాఫ్ రూములో ఎవరూ నమలడం లేదు.

"అనడం లేదమ్మా," అన్నాను.

అధ్యక్షులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇద్దరు కక్షిదారులూ ఒకే మాట మీద ఉండటం వివాద లక్షణాలకు విరుద్ధమనీ, ఇటువంటి వివాదం పరిష్కారం కావడం కష్టమనీ సెలవిచ్చారు. పరిష్కారమయ్యే దాకా వస్తువును యథాస్థితిలో భద్రపరచవలసిందిగా ఉత్తర్వు వేశారు. సమావేశం ముగిసింది. నా సేవానుభవానికి ఎన్ని నక్షత్రాలో అడిగే లోపల గంట కొట్టారు. తొమ్మిదో తరగతికి వెళ్లిపోయాను.

ఆ వారం చివర్లో మంగతాయారు గారే ఫోను చేశారు. పొట్లం మీద పంపినవారి నెంబరు ఉంటుంది, దాన్ని దాచి ఉంచారు.

"మాస్టారూ, నేనండి, రావులపాలెం. మీ కంపెనీ కుర్రోడొచ్చేడండి. అదే, నిద్రపోయినాయన. బొంతకి సీలేసి పోయేడు."

"సీలా?"

"ఆయ్. ఒకసారి వచ్చి చూడకూడదాండి?"

కస్టమర్‌ను విక్రేత ప్రభావితం చేయరాదని నిబంధన. కస్టమరే రమ్మన్నప్పుడు ఏం చేయాలో నిబంధనలో లేదు. ఆదివారం బస్సెక్కి, సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీదుగా రావులపాలెం వెళ్లాను.

ఇంకా వాకిట్లో ఉండగానే పసిపిల్ల ఏడుపు వినబడింది. ఎంతోసేపటి నుంచి ఏడుస్తున్న గొంతు, బొంగురు పోయి ఉంది. మంగతాయారు గారు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చారు. లోపల వాళ్ల అమ్మాయి భవాని పాపను భుజాన వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతోంది. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. కళ్ల కింద నలుపు ఉంది.

"కూర్చోండి మాస్టారూ. మా మనవరాలండి. దాని కోసమే కొన్నానండి ఆ బొంత. పసిపిల్లల ఒంటికి కొత్త గుడ్డ గుచ్చుకుంటది గదా. పెద్దోళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీరలైతే హాయిగా పడుకుంటారు. మా ఇంట్లో అందరం పాలిస్టరేనండి, నూలు చీరలు నాకెక్కడున్నాయి? పుట్టిన కాడి నుంచి దాని మీదే పడుకునేది. ఇప్పుడు ఇంకోటేసినా, నా చీరేసినా పడుకోదు."

నివేదికలో పాప ప్రస్తావన లేదు. పాప కొనుగోలుదారు కాదు గనుక ధీరజ్ రాసి ఉండడు.

బొంత బల్ల మీద, మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఉంది. నీలంపూలు కనబడుతున్నాయి. సంచి మూతి మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. చదివాను. "వివాదాస్పద వస్తువు. దీనిపై పరుండుట, కూర్చుండుట, దీనిని కప్పుకొనుట నిషిద్ధము. సీలును విక్రేత తొలగించినచో తన కోరికను శాశ్వతముగా వదులుకొన్నట్లును, కస్టమర్ తొలగించినచో 'వాడిన వస్తువును కొత్తదని అమ్ముట' అను ఫిర్యాదును నమోదు చేసినట్లును భావించబడును."

"మరి పాపను ఇన్నాళ్లూ ఎలా..." అన్నాను.

"నేను తీత్తే నేను నొక్కినట్టేనంటండి. మీ ఇంటావిడ బొమ్మ పక్కన ఆ ముద్ర పడిపోద్దంట. అందుకని ఆగేనండి."

"మా అమ్మ ముట్టుకోనివ్వట్లేదండి," అంది భవాని తిరుగుతూనే. "ఎవరో తెలీనావిడ పేరు కోసం నా కూతుర్ని ఏడిపిత్తంది."

"తెలీపోడమేంటే, నేను సందేహం రాత్తే నాకు జవాబు రాసింది ఆవిడ. 'పసిపిల్లకే అయితే నాకు కబురు చెయ్యండమ్మా, ఇంకా మెత్తటివి ఏరి కుడతాను' అని. ఆ తరవాత కబురు చేసేను గానీ ఆవిడ పలకలేదు."

ఆ జవాబు నేను చూడలేదు. చూసి ఉండవలసింది.

పాప మళ్లీ అందుకుంది. ఈసారి ఏడుపు కాదు, ఊపిరి పట్టడం. భవాని వీపు నిమురుతోంది. నేను బల్ల దగ్గరకు వెళ్లాను. అరటి గెల కోసే కత్తి అక్కడే ఉంది. ఎర్ర కాగితాన్ని మధ్యకు కోశాను. పెద్ద చప్పుడేమీ కాలేదు.

"మాస్టారూ," అన్నారు మంగతాయారు గారు.

"విక్రేతే తీశాడమ్మా. మీ మీదకు రాదు."

బొంతను బయటికి తీస్తే ఒక మూల కుట్లు విప్పి ఉన్నాయి. లోపల నిజంగా వాడిన చీరలు ఉన్నాయో లేవో సాక్ష్యం కోసం చూసుకుని, ధీరజ్ అలాగే వదిలేసి పోయినట్టుంది. నీలంపూల గుడ్డ కిందనుంచి లేత ఆకుపచ్చ అంచు కొంచెం బయటికి వచ్చి ఉంది. నేను గుర్తుపట్టాను. ఆ సంగతి గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

"సూదీ దారం ఉందామ్మా?"

"నేను కుడతాను ఇలా ఇవ్వండి."

"నేను కుడతాను."

నల్లదారం ఉన్న సూది తెచ్చి ఇచ్చారు. నేల మీద కూర్చుని అంచును లోపలికి తోసి కుట్టాను. ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూసిన పని. చూడటం వేరు. నా కుట్టు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా, మొత్తం మీద చెరువు గట్టులా వంకరగా వచ్చింది. చివర ముడి వేయడం రాకపోతే మంగతాయారు గారు వంగి వేశారు. తరవాత బొంతను చాప మీద పరిచారు. నా కుట్టు పడిన మూలను కాళ్ల వైపు ఉంచారు. భవాని పాపను పడుకోబెట్టి, చెయ్యి తీయకుండా కాసేపు అలాగే వంగి ఉంది. పాప రెండు వెక్కిళ్లు పెట్టింది. ముఖం ఒక పక్కకు తిప్పి, చెంపను గుడ్డకు ఆనించుకుంది. భవాని మెల్లగా చెయ్యి తీసింది. తనూ గోడకు చేరబడి, అక్కడికక్కడే కళ్లు మూసింది.

మంగతాయారు గారు టీ తెచ్చారు. ఇద్దరం గడపకు ఇవతలా అవతలా కూర్చుని తాగాం. ఫోను మోగింది, నాదే. హిమజ.

"నమస్కారం సార్. మీ సీలు తొలగింపు మా వ్యవస్థలో నమోదైంది. ఆ కాగితంలో చిప్ ఉంటుందండి, ఎవరు తీశారో కూడా చెబుతుంది. మీరు మీ దావాను స్వయంగా వదులుకున్నారు, ధన్యవాదాలు. కస్టమర్ పూర్తి సంతృప్తితో ఉన్నందున ఈ దురదృష్టకర వివాదాన్ని మూసివేస్తున్నాం. దుకాణం యథాతథంగా ఉంటుంది సార్." ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "బొంత దొరికిందా సార్ మరి?"

"చూశానమ్మా," అన్నాను.

మంగతాయారు గారు అంతా వింటున్నారు. గ్లాసు కింద పెట్టి, తన ఫోను తీసి, కళ్లకు దూరంగా పట్టుకుని, వేలితో పైకీ కిందకీ తోస్తూ ఉన్నారు. ఏం వెతుకుతున్నారో నాకు తెలియలేదు. దొరికాక ఫోను నా వైపు తిప్పారు. కారణాల పట్టిక.

"మాస్టారూ, మీరు సీలు తీసేరు కాబట్టి మీరు అడక్కూడదు. నేనడగచ్చు గదా. ఇదిగోండి, కుట్టు లోపం. ఇందాకటి దాకా అయితే అబద్ధమయ్యేది. ఇప్పుడు నిజంగానే ఉంది, చూసేరుగా మీరెలా కుట్టేరో. ఇది నొక్కితే ఎవరి మీదా ముద్ర పడదంట, బొంత మాత్రం మీకొచ్చేత్తది. మా పిల్లకి నేనెక్కడో తిరిగి నూలు చీరలు సంపాదిత్తాను." వేలు తెర మీదకు తెచ్చి ఆపారు. "నొక్కెయ్యమంటారా?"

లోపలికి చూశాను. పాప నిద్రలో రెండు కాళ్లూ చాపి, వంకర కుట్టు ఉన్న మూలను మడమలతో తోస్తోంది. నీలంపూల గుడ్డ మీద చిన్న పొట్ట ఊపిరితో పాటు కొంచెం లేస్తోంది, కొంచెం తగ్గుతోంది.

"వద్దమ్మా," అన్నాను. "ఇప్పుడే పడుకుంది. కదపకండి."

ఆవిడ వేలు తీసి, ఫోను గడప మీద బోర్లించారు.